గుమ్మానికి కట్టిన పట్టు ఆకులు

మనం పండగ పూట గుమ్మానికి కట్టే మామిడాకులు మూడోనాటికి వడిలిపోతాయి. గుజరాత్‌లోని సౌరాష్ట్ర, కచ్ ప్రాంతాల ఆడవాళ్లు అదే తోరణాన్ని గుడ్డ మీద కుట్టుకున్నారు. పైన ఒక పట్టీ, దాని కింద వరసగా వేలాడే ఆకులు, ఆకు నిండా పట్టుదారం. దీపావళికి ఇల్లు శుభ్రం చేసుకున్నాక, లేదా ఇంట్లో పెళ్లి కుదిరాక, పెట్టెలోంచి తీసి గుమ్మానికి కడతారు. పండగ వెళ్లాక మళ్లీ పెట్టెలోకే. అలా రెండు మూడు తరాల చేతులు మారిన తోరణాలు ఇప్పటికీ ఇళ్లలో ఉన్నాయి. పండగకి ఇల్లు అలంకరించేందుకు చేసే చేతికుట్టు పనుల్లో ఇంత ఆలోచన పెట్టి చేసింది మన దేశంలో మరొకటి లేదని నా నమ్మకం. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే కుట్టు దాకా వెళ్లాలి.

తోరణం ఒంటరిగా వచ్చేది కాదు. గుమ్మానికి రెండు పక్కలా దిగే పట్టీలు సాఖియా. గోడ పైభాగాన పొడుగునా సాగేది పచ్చీత్‌పట్టీ. గోడ మీద జంటగా పెట్టే చదరపు గుడ్డలు చాక్‌ళాలు. పెళ్లికూతురి సారె మూటగట్టేది వాటిలోనే. అత్తారింట్లో ఆ మూట విప్పాక అవే గోడకెక్కుతాయి. పై అంచు త్రికోణంగా తేలిన గుడ్డ మీద వినాయకుణ్ణి, అటూ ఇటూ రిద్ధి సిద్ధిని కుట్టి పెడితే అది గణేశ్ స్థాపన. తలపైన కట్టే చాందినీ చందర్వో. ఇవన్నీ ఒకేసారి కట్టిన గది ఎలా ఉంటుందో ఊహించుకోండి, మిగతా సామాను ఏమీ లేకపోయినా ఫరవాలేదనిపిస్తుంది.

అహ్మదాబాద్‌లో 1949లో మొదలైన కాలికో వస్త్ర మ్యూజియంలోనూ, అదే ఊళ్లోని శ్రేయస్ జానపద మ్యూజియంలోనూ గుజరాత్ కుట్టుపనిలో మేలైన నమూనాలు చూడొచ్చు. కాని మ్యూజియంలో ఉన్నదాన్ని తిరగేసి చూడనివ్వరు. ఆ భాగ్యం నాకు సికింద్రాబాద్‌లో, మా పాత పొరుగింట్లో దక్కింది. వాళ్లది భావ్‌నగర్ వైపు. ఆ ఇంటి పెద్దావిడను వాళ్లతోపాటు మేమూ బా అనే పిలిచేవాళ్లం. ఆవిడకు వాళ్లమ్మ ఇచ్చిన తోరణం రెండు మూరలకు పైగా పొడవు, జానెడు పట్టీ. నేను రంగులు చూసి మురిసిపోతుంటే, “ముందు కాదమ్మా, వెనక చూడు” అంటూ ఆవిడే తిప్పి చేతికిచ్చింది.

వెనక సంగతి చెప్పేముందు దారం గురించి చెప్పాలి. ఈ పనిని అక్కడ హీర్ భరత్ అంటారు. పురి పెట్టని పట్టుదారంతో చేసే కుట్టు. మనం మామూలుగా వాడే దారానికి పురి ఉంటుంది, దాని మీద పడ్డ వెలుగు చెదిరిపోతుంది. పురి లేని పట్టులో పోగులన్నీ ఒకే దిక్కున పక్కపక్కన పడుకుంటాయి. వెలుగు వాటి మీంచి ఒక్క తళుకుగా తిరిగొస్తుంది. ఆ తళుకు మన కంట పడుతుందా లేదా అన్నది పోగు ఏ దిక్కుకు పడుకుంది, మనం ఎక్కడ నిలబడ్డాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ ఒక్క గుణాన్ని పట్టుకుని సౌరాష్ట్ర ఆడవాళ్లు చేసిన పని చూస్తే నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

బా తోరణంలో ఒక ఆకును తీసుకుందాం. ముదురు నీలం నూలుగుడ్డ. మధ్యన ఎనిమిది రేకల పువ్వు. రేకలన్నీ ఒకే ఎరుపు, ఒకే చిలపలోంచి తీసిన దారం. అయినా దూరం నుంచి చూస్తే రెండు ఎరుపులు కనిపిస్తాయి. ఒక రేకను నిలువుగా కుట్టారు, పక్కదాన్ని అడ్డంగా కుట్టారు, చుట్టూ అదే వరస. నిలువు రేకలు మెరుస్తున్నప్పుడు అడ్డం రేకలు ముదురు కుంకుమలా నిండుగా ఉంటాయి. తల కాస్త పక్కకు జరిపితే మెరుపు వీటిని వదిలి వాటి మీదికి పోతుంది. వేరే దారం లేదు, లేత ముదురు రంగుల కలబోత లేదు. సూది దిక్కు మార్చడమే మొత్తం పని.

పైగా ఇది కదిలే వస్తువు. పట్టీ కమ్మికి అంటిపెట్టుకుని ఉంటుంది గాని ఆకులు విడివిడిగా వేలాడతాయి, చిన్న గాలికే ఊగుతాయి. కింద మనుషులు వస్తూ పోతూ ఉంటారు. దీపావళి రాత్రి గడప దగ్గర ప్రమిదల వెలుగు కిందనుంచి వస్తుంది, అదీ నిలకడగా ఉండదు. చూసేవాళ్లు, ఆకు, దీపం మూడూ కదులుతుంటే ఆ ఎరుపు ఒక్క క్షణం ఒకేలా ఉండదు. గోడకు బిగించిన పటానికైతే ఈ కుట్టు సగమే పనికొచ్చేది. గుమ్మం కోసమే పుట్టిందా అనిపించే కుట్టు ఇది.

ఇక వెనక వైపు. మనం మామూలుగా వేసే సాటిన్ కుట్టులో దారం రేక ఈ అంచున పైకొచ్చి ఆ అంచున దిగుతుంది, మళ్లీ గుడ్డ కిందుగా వెనక్కి వచ్చి మొదటి అంచున పైకి లేస్తుంది. ముందు ఎంత దారమో వెనకా అంతే. బా తోరణం వెనక దాదాపు ఖాళీ గుడ్డ. రేకల అంచుల వెంట మాత్రం చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి. ఆ అంచున దిగిన సూది వెనక్కి ప్రయాణం చెయ్యకుండా అక్కడే పోగంత దూరంలో పైకొచ్చి, గుడ్డ మీంచే తిరిగి మొదటి అంచుకు వచ్చిందన్నమాట. పట్టంతా ముఖం మీదే ఉంది. ఖరీదైన దారం ఇంచుమించు సగానికి సగం మిగిలింది. వెనకున్న చుక్కలను వరసగా చూస్తే పువ్వు గీత మొత్తం అక్కడ కనిపిస్తుంది. కుట్టకముందు గుడ్డ మీద ఏం గీశారో అంతే స్పష్టంగా.

పొదుపు కోసం పుట్టిన ఈ పద్ధతిలో కష్టమూ ఉంది. వెనక పోగు లేదు కాబట్టి కుట్టు ఉబ్బుగా నిలవదు, పలచగా పరుచుకుంటుంది. లాగుడు కాస్త ఎక్కువైతే గుడ్డ ముడుచుకుంటుంది, తక్కువైతే పోగు వేలాడుతుంది. పురి లేని పట్టు గరుకు వేలికి, గాజుల మొనకు ఇట్టే తగులుకుంటుంది. అందుకే నిత్యం ఒరుసుకునే బట్టల కంటే, ఎవరి చెయ్యీ తగలని ఎత్తున వేలాడే తోరణానికి ఈ కుట్టు ఎక్కువ నప్పింది. పంజాబ్ ఫుల్కారీలోనూ ఇలాంటి పురి లేని పట్టే వాడతారు, దిక్కు మార్చి తళుకు తెప్పించే విద్య అక్కడా ఉంది. కాని వాళ్లు గుడ్డ వెనక వైపు నుంచి పోగులు లెక్కపెట్టి కుడతారు. సౌరాష్ట్ర పనిలో ముందు గీత, ఆ తర్వాత నింపుడు. అందుకే ఇక్కడ ఏనుగులు, చిలుకలు, నెమళ్లు ఇంత ధారాళంగా వస్తాయి. బా తోరణం పట్టీ మీద రెండు నెమళ్లు ఎదురెదురుగా ఉన్నాయి, కుడివైపు దాని మెడ ఎడమదాని కంటే పొడుగు. ఆ తేడాను నేను ప్రేమిస్తాను. ఎవరో ఒకావిడ చేత్తో గీసిందని అది చెబుతుంది.

మోచీల పని వేరు. చెప్పులు కుట్టే కులంలోంచి వచ్చిన మగవాళ్లు కొక్కెం ఉన్న ఆరీ సూదితో సన్నటి గొలుసుకుట్టు వేసేవాళ్లు. కచ్, సౌరాష్ట్ర దర్బారుల్లో దానికి ఆదరణ ఉండేది. చట్రానికి గుడ్డ బిగించి కొక్కెం సూదితో మన దగ్గర చేసే మగ్గం వర్క్‌కు అది దగ్గరి చుట్టం. నైపుణ్యంలో దాన్ని తీసిపారెయ్యలేం. నా మనసు మాత్రం ఇళ్లలో ఆడవాళ్లు కుట్టిన హీర్ పని దగ్గరే ఉండిపోతుంది.

కచ్ నుంచి మన జాకెట్ల మీదికి సూటిగా వచ్చిన కుట్టు ఒకటుంది. మన ఆడవాళ్లు కచ్ వర్క్ అని పిలిచేది దాన్నే. చుక్కలు పెట్టుకుని, డైమండ్ గళ్లు కట్టుకుని, చీర అంచులకూ జాకెట్టు చేతులకూ వేసే అల్లిక. కచ్ తోరణాల పట్టీల మీదా అది కనిపిస్తుంది. దాని తెలివి రెండు విడతల్లో ఉంది. మొదటి విడతలో ఏటవాలు పోగులతో చట్రం వేస్తారు, ఇది గుడ్డలోకి దిగే కుట్టు. పోగును పోగు దాటే ప్రతిచోటా పైనుంచి పోవాలా కిందనుంచి పోవాలా అన్న లెక్క ముందే ఉంటుంది. రెండో విడతలో సూది గుడ్డను ముట్టదు. నులకమంచం అల్లేవాళ్ల చెయ్యిలాగా, చట్రం పోగుల కిందా పైనా దూరుతూ చుట్టి వస్తుంది. మొన గుడ్డకు గుచ్చుకోకుండా సూదిని తిరగేసి బెజ్జం వైపు నుంచి దూర్చడం అలవాటు. చట్రంలో ఒక్కచోట పై కింద తారుమారైతే, ఎన్నో గళ్ల తర్వాత అల్లిక అక్కడికి వచ్చినప్పుడు పట్టు దొరక్క నోరు తెరుస్తుంది. చట్రం సరిగ్గా పడితే మాత్రం రెండో విడత ఎక్కడా ఆగదు, బయల్దేరిన చోటికే తిరిగి చేరుతుంది.

అద్దాల గురించి క్లుప్తంగా. కుట్టుపని అద్దానికి రంధ్రం ఉండదు. నాలుగు పోగులు అడ్డంగా నిలువుగా వేసి అద్దాన్ని గుడ్డకు నొక్కిపెట్టి, చుట్టూ కాజా కుట్టు లాంటిది వేస్తూ ఆ పోగులను అంచులకు లాగుతారు, నడుమ అద్దం బయటపడుతుంది. గుజరాత్‌లోని కపడ్‌వంజ్ ఈ అద్దాలకు పేరున్న ఊరు. గాజును బుడగలా ఊది, లోపల పూత పూసి, పగలగొట్టి ముక్కలు కత్తిరిస్తారు. బుడగలోంచి వచ్చిన ముక్క కాబట్టి కొద్దిగా వంపు ఉంటుంది. ఆ వంపు వల్లే పాత పనిలో ఒక్కో అద్దం ఒక్కో వైపు మెరుస్తుంది. తెలంగాణ, రాయలసీమ తండాల్లో లంబాడీ ఆడవాళ్ల కుట్టు చూసినవాళ్లకు ఈ అద్దాల అందం కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఈ అందం వెనక ఆడపిల్లల ఏళ్లకేళ్లు ఉన్నాయన్నది మరిచిపోకూడదు. కచ్‌లో ఢేబరియా రబారీ పెద్దలు 1995లో తమ కులంలో ఈ కుట్టునే నిషేధించారు. సారెకు కావలసిన కుట్టుపని పూర్తయ్యేదాకా పిల్ల కాపురానికి వెళ్లడం ఆలస్యమవుతోందన్నది కారణం. ఆ నిర్ణయం విన్నప్పుడు బాధ కలిగినా, వాళ్లను తప్పుపట్టలేను. మరోవైపు, 1969 కరువులో చందా శ్రాఫ్ అనే ఆవిడ ధనేటీ గ్రామంలో అహీర్ స్త్రీలు వేసుకున్న బట్టల మీద కుట్టు చూసి, అదే కుట్టు చీరల మీద వేయించి అమ్మిపెట్టారు. దాంతో మొదలైన శృజన్ సంస్థ ఆ చేతిపనిని కూలి దొరికే పనిగా మార్చింది. 2006లో ఆవిడకు రోలెక్స్ పురస్కారం వచ్చింది. భుజ్ దగ్గర అజ్రఖ్‌పూర్‌లో ఆ సంస్థ మ్యూజియం ఉంది. ఒక్కో తెగ కుట్టునూ విడివిడిగా చూడాలంటే అక్కడికే వెళ్లాలి.

పాత తోరణాలను ముక్కలు కోసి సంచులుగా, దిండు గలీబులుగా అమ్మడం చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. కొనేవాళ్లు దయచేసి కోసినవి కొనకండి. కొత్తగా కుట్టినవి కొనండి, లేదా మీరే కుట్టుకోండి.

కుట్టుకోవాలనుకునేవాళ్లు మొత్తం తోరణం పెట్టుకోవద్దు, ఒక ఆకుతో మొదలుపెట్టండి. బతుకమ్మ పండక్కి నేను తంగేడు పువ్వు ఎంచుకుంటాను. పసుపు ఒక్కటే, రేకలు అయిదు, ఈ విద్యకు అంతకంటే తగిన పువ్వు లేదు. ముదురాకుపచ్చ కేస్‌మెంట్ గుడ్డ మీద నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున ఆకు గీసి, చుట్టూ అరంగుళం కుట్టుబడికి వదలండి. పువ్వు గీశాక ప్రతి రేకలోనూ పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టండి, దారం ఏ దిక్కున పడుకోవాలో. రేకను నడిమి గీత దగ్గర రెండుగా విడదీసి ఈ సగం ఒక ఏటవాలు, ఆ సగం మరో ఏటవాలు పెడితే ఒక్క పసుపులోనే నీడ పుడుతుంది. పట్టు ఫ్లాస్ దొరికితే సరే, లేకపోతే మెరుపున్న రేయాన్ దారం. మామూలు నూలు ఎంబ్రాయిడరీ దారం మన్నుతుంది గాని ఈ పనికి చాలదు, ఎంత దిక్కు మార్చినా అంత తళుకు రాదు. దారం మూరెడు మించి తీసుకోకండి. ముడి వెయ్యకుండా రేక కింద రెండు మూడు చిన్న పరుగు కుట్లతో మొదలుపెట్టండి. ఒక్కో పోగు అరంగుళం మించకూడదు, మించితే జారిపోతుంది. ఇస్త్రీ వెనకనుంచే, కింద మెత్తటి తువ్వాలు వేసి. ఆ తర్వాత నూలు అస్తరు, మొన దగ్గర కుచ్చు.

పండగ వెళ్లాక దాచే తీరు కూడా కుట్టంత ముఖ్యం. అద్దాలున్న తోరణాన్ని మడతపెడితే అద్దం అంచు పక్క ఆకు మీది పట్టును కోస్తుంది. లావుపాటి అట్టగొట్టానికి ఉతికిన పాత నూలు చీర ముక్క చుట్టి, దాని మీద తోరణాన్ని కుట్టు పైకి ఉండేలా చుట్టాలి. కలరా ఉండలు పట్టుకు తగలకుండా వేరే గుడ్డలో కట్టి పెట్టె మూలన పెట్టాలి. ఉతకవద్దు, పాత ఎరుపు రంగు దిగుతుంది. దుమ్ము పడితే మెత్తటి బ్రష్‌తో పోగు పడుకున్న దిక్కునే దులపాలి. ఎండ తగిలే గుమ్మమైతే పండగ రోజుల వరకే కట్టి, తీసేయాలి.