పలకల నేల నుంచి నవల

ఒక తరం క్రితం తెలుగునాట బడిలో చేరిన పిల్లల్లో చాలామంది ఓనమాలు దిద్దింది మార్కాపురం పలక మీద. ఈ నేల కిందనుంచి తీసిన రాతిని పలుచగా చీల్చి, చెక్క చట్రం బిగించి రాష్ట్రం నలుమూలలకూ పంపారు. ఊరూరికీ రాత నేర్పిన ఈ ప్రాంతంలో ఇవాళ రాయాలనుకునే కుర్రాళ్లకూ అమ్మాయిలకూ కొదవ లేదు. వెలిగండ్ల, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు ఏ డిగ్రీ కాలేజీలో వెతికినా కథలు రాసుకున్న నోటు పుస్తకం ఒకటైనా దొరుకుతుంది. కథ దాటి నవల దాకా వెళ్లడానికి మాత్రం రెండు సందేహాలు అడ్డం పడుతున్నాయి. మా ఊళ్లో రాయడానికి ఏముంది? రాసినా ఎవరు వేస్తారు?

ఈ రెండింటికీ నూటయాభై ఏళ్ల తెలుగు నవలలోనే సమాధానాలున్నాయి.

తెలుగులో తొలి నవలగా చాలామంది చెప్పే 'శ్రీరంగరాజ చరిత్ర' 1872లో వచ్చింది. రాసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టి కర్నూలులో డిప్యూటీ కలెక్టరు. మార్కాపురం, కంభం, గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లాలోవే. ఆ తర్వాత కొన్నేళ్లకు కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' రాసి, దాన్ని వచన ప్రబంధం అన్నారు. దానిమీద విమర్శ రాస్తూ కాశీభట్ట బ్రహ్మయ్య శాస్త్రి 'నవల' అనే మాటను వాడుకలోకి తెచ్చారు. అంటే పేరు కూడా స్థిరపడకముందే, కచేరీ పనుల మధ్య తీరిక చేసుకున్న ఒక ఉద్యోగి చేతిలో ఈ ప్రక్రియ మొదలైంది.

ఆ ఒరవడి ఇప్పటికీ మారలేదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి వకీలు. కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు. ఒంగోలు పక్కన త్రోవగుంటలో పుట్టిన సలీం ఆదాయపు పన్ను శాఖలో అధికారిగా పనిచేశారు. ఎయిడ్స్ బాధితుల మీద రాసిన 'కాలుతున్న పూలతోట' నవలకు 2010లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 1960ల్లో ఇంటింటా పేరు మారుమోగిన యద్దనపూడి సులోచనారాణి కృష్ణా జిల్లా కాజ అనే పల్లెటూరి అమ్మాయి. నవల రాయడానికి పట్నంలో కాపురం గానీ, పెద్ద తీరిక గానీ ఉండాలన్న నియమం తెలుగులో ఏనాడూ లేదు.

ఊళ్లో ఏముంది?

వెలిగండ్లకు దగ్గరి ఉదాహరణ సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి. ఆయనది కడప జిల్లా కలసపాడు మండలం బాలరాజుపల్లె. గిద్దలూరు వైపు నుంచి చూస్తే పొరుగు సీమే. బడిపంతులుగా పనిచేస్తూ 'కాడి', 'తోలుబొమ్మలాట', 'ఒంటరి' వంటి నవలలు రాశారు. ఆయన 'కొండపొలం'లో కథావస్తువు ఈ ప్రాంతంలో ఏ గొర్రెల కాపరిని కదిలించినా చెప్పగలిగేదే. కరువు ముదిరి పల్లెలో మేత, నీళ్లు అడుగంటినప్పుడు మందల్ని తోలుకుని నల్లమలలోకి వెళ్లి వారాల తరబడి అక్కడే ఉండిపోవడం. చదువుకున్నా ఉద్యోగం దొరకని కుర్రాడొకడు ఆ కాపరుల వెంట అడవికి పోతాడు. ఈ నవల 2019లో అమెరికా తెలుగువారి సంస్థ తానా పోటీలో బహుమతి పొందింది. 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది.

ఇందులో నేర్చుకోవలసిన తొలి మెలకువ వృత్తి వివరం. మందను రాత్రి ఎక్కడ ఆపాలి, ఏ ఆకు మేస్తే గొర్రెకు ముప్పు, పులి జాడ ఎలా పసిగట్టాలి అనే తెలివిడి కథకు అలంకారం కాదు, కథను నడిపించేదే అది. పలకల గనిలో రాయి చీల్చే మనిషికి, బేల్దారి పనికి బెంగళూరు పోయే మేస్త్రీకి, పొగాకు బ్యారన్ దగ్గర రాత్రంతా మంట కాసే రైతుకు కూడా అలాంటి తెలివిడే ఉంటుంది. రాయదలచినవాళ్లు ముందుగా ఒక పని గురించి, ఆ పని చేసేవాళ్లు తలూపి అవునని ఒప్పుకునేంతగా తెలుసుకోవాలి.

ఈ పశ్చిమ ప్రకాశానికి నవలా వస్తువులు తక్కువేం కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలున్న అప్పటి నెల్లూరు జిల్లాలో. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆనాడు పుట్టిన బిడ్డ ఇవాళ బిడ్డలను ఎత్తుకుంటోంది. గుండ్లకమ్మ నీటితో నిండే కంభం చెరువుకు శతాబ్దాల చరిత్ర ఉంది. నల్లమలలో చెంచుగూడేలున్నాయి. ప్రకాశం జిల్లాకే చెందిన వి. చంద్రశేఖరరావు 'ఆకుపచ్చని దేశం', 'నల్లమిరియం చెట్టు' వంటి నవలల్లో ఇలాంటి జీవితాలను కొత్త పద్ధతిలో పట్టుకున్నారు.

అయితే సమస్య పేరు చెప్పినంత మాత్రాన నవల కాదు. 'ఫ్లోరైడ్ మీద రాస్తాను' అనుకుంటే వ్యాసం వస్తుంది. బోరునీళ్లు తాగి నలభై ఏళ్లకే నడుం వంగిన తల్లి, ఆమెను హైదరాబాద్ తీసుకుపోదామనుకునే కొడుకు, అత్తింటి రెండెకరాలు వదిలి కదలనని పట్టుబట్టే ఆ తల్లి మొండితనం: ఇక్కడ నవల మొదలవుతుంది. ఎవరి కథ, ఏమిటి చిక్కు, ఎంత కాలంలో నడుస్తుంది? ఈ మూడూ ఒక్కో వాక్యంలో రాయగలిగితే మొదటి అధ్యాయానికి దారి పడినట్టే.

మెలకువలు నేర్పే నవలలు

కాలాన్ని బిగించడం ఎలాగో కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చూపిస్తుంది. ఒక ముసలివాడు, ఈననున్న పంది, అడవి, ఒక రాత్రి. అంతే. పాత్రల పేర్లు కూడా అక్కర్లేకపోయిన ఈ చిన్న నవల మనిషికీ ప్రకృతికీ మధ్య పెనుగులాటంతా పట్టి చూపింది. మొదటి నవల రాసేవాళ్లు మూడు తరాల వంశగాథకు దిగి మధ్యలో దారి తప్పడం తరచుగా జరుగుతుంది. దానికంటే ఒక వానాకాలం, ఒక తిరునాళ్ల, ఒక ఎన్నిక, పెళ్లి ముందరి పదిరోజులు వంటి గిరి గీసుకోవడం మేలు.

మనసు లోపలికి వెళ్లడానికి రాచకొండ 'అల్పజీవి', గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' మంచి పాఠాలు. సుబ్బయ్య భయం, సీతారామారావు అహంకారం కథలో జరిగే సంఘటనలకంటే పెద్దవి. వాటిని రచయితలు వ్యాఖ్యానించి చెప్పలేదు. ఆ మనుషుల ఆలోచన ఎలా తెగిపోతుందో, ఎలా అటూ ఇటూ పరిగెడుతుందో ఆ వాక్యాలే అలా నడుస్తాయి. 'అతనికి భయమేసింది' అని రాసే బదులు, భయపడ్డ మనిషి చెప్పులు ఎటు విడిచాడో గుర్తులేక తడుముకోవడం రాస్తే పాఠకుడు తనే తెలుసుకుంటాడు.

మాట విషయానికొస్తే ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' దగ్గర ఆగాలి. పల్నాటి పుల్లరి సత్యాగ్రహానికి సంబంధించి జైలుకెళ్లిన ఉన్నవ ఆ నవలను రాయవెల్లూరు జైలులో రాశారు. 1922లో అచ్చయితే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. గ్రాంథికమే మర్యాద అనుకునే రోజుల్లో పల్లెజనం మాటను నవలలోకి తెచ్చిన ధైర్యం అది. పశ్చిమ ప్రకాశానికి ఇక్కడ ఒక ప్రత్యేక సంపద ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి వైపు నెల్లూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు జిల్లా. కడప పక్కనే ఉంది. ఈ యాసలన్నీ ఇక్కడ కలిశాయి. వెలిగండ్ల సంతలో ఒక పూట నిలబడితే ఒకే బేరంలో రెండు రకాల తెలుగు వినిపిస్తుంది. అవ్వ మాట, బెంగళూరు పోయివచ్చిన కొడుకు మాట, ఇంటర్ చదివే మనవరాలి మాట ఒకటి కాదు. ఆ తేడాను చెవితో పట్టి రాయాలి. నాలుగు యాస పదాలు చల్లి ఊరుకుంటే అది వేషమవుతుంది.

పాఠకుణ్ని వదలకుండా వెంట తిప్పుకోవడం వారపత్రికలు, మాసపత్రికల సీరియళ్లు నేర్పిన విద్య. యద్దనపూడి 'సెక్రటరీ' 1960ల్లో 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వచ్చాకే పుస్తకమైంది. నెలరోజులు ఎదురుచూసిన పాఠకురాలికి ప్రతి భాగంలోనూ ఏదో ఒకటి కదలాలి, ఏదో ఒకటి మిగలాలి. ఇప్పుడు ప్రతిలిపి వంటి వేదికల మీద ఫోనులో భాగాలుగా నవలలు రాస్తున్నవాళ్లు చేస్తున్నదీ అదే. జనాదరణ నవల అని ఈ విద్యను తక్కువ చేయడం తగదు.

ఇక శ్రమ. విశ్వనాథ సత్యనారాయణ వెయ్యి పేజీల 'వేయిపడగలు' ఇరవైతొమ్మిది రోజుల్లో చెప్పి రాయించారని ప్రసిద్ధి. అది విని బెదరక్కర్లేదు. అప్పటికి ఆయన నలభైకి దగ్గర పడుతున్న పండితుడు, ఏళ్ల తరబడి పద్యమూ వచనమూ రాసి చెయ్యి తిరిగిన మనిషి. కొత్తవాళ్లకు వేరే లెక్క ఉంది. రోజుకు మూడు వందల మాటలు, అంటే నోటు పుస్తకంలో రెండు పేజీలు, రెండు వందల రోజులు రాస్తే అరవై వేల మాటలు. అది ఒక మోస్తరు నవల. తొలిప్రతి పూర్తయ్యేదాకా వెనక్కి వెళ్లి దిద్దకూడదు. పూర్తయ్యాక నెల రోజులు పక్కనపెట్టి, మార్కాపురం పలకను తుడిచినట్టు మొహమాటం లేకుండా తుడవాలి. పైకి చదివితే చాలు, నోరు తిరగని వాక్యం ఎక్కడుందో తెలిసిపోతుంది.

అచ్చుకు దారి

తెలుగులో కొత్త నవలకు మొదటి తలుపు పోటీ. ఇది పాత సంప్రదాయం. 1890ల్లో రాజమహేంద్రవరం నుంచి న్యాపతి సుబ్బారావు నడిపిన 'చింతామణి' పత్రిక నవలల పోటీలు పెడితే చిలకమర్తి లక్ష్మీనరసింహం వంటివారు వెలుగులోకి వచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో 'వేయిపడగలు', అడివి బాపిరాజు 'నారాయణరావు' బహుమతి పంచుకున్నాయి. తానా 1997లో చంద్రలత 'రేగడి విత్తులు'కు బహుమతి ఇచ్చింది. తర్వాత అదే పోటీలో నెగ్గిన అనంతపురం రచయిత బండి నారాయణస్వామి 'శప్తభూమి' 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం దాకా వెళ్లింది. ముప్పైఅయిదేళ్లలోపు వారికి అకాడమీ ఇచ్చే యువ పురస్కారం 2025లో తెలుగుకు ప్రసాద్ సూరి నవల 'మైరావణ'తో వచ్చింది. గెలిచినా గెలవకపోయినా పోటీ ఒక మేలు చేస్తుంది: గడువు పెట్టి నవల పూర్తి చేయిస్తుంది.

కొన్ని తలుపులు మూసుకున్న మాట నిజం. 1978 నుంచి నెలకో నవల అచ్చువేసిన 'చతుర' 2021లో ఆగిపోయింది. కేశవరెడ్డి 'మునెమ్మ' మొదట వచ్చింది అందులోనే. ఆ లోటు తీరలేదు. అయితే అన్వీక్షికి, ఛాయ వంటి కొత్త ప్రచురణ సంస్థలు యువ రచయితల పుస్తకాలను శ్రద్ధగా తెస్తున్నాయి. వాళ్లకు పంపేటప్పుడు కథాసారం ఒకటి రెండు పేజీల్లో రాసి, మొదటి మూడు అధ్యాయాలు జతచేయడం మంచిది. యూనికోడ్‌లో టైపు చేసుకుంటే ఫోనులోనూ, డీటీపీలోనూ పనికొస్తుంది. అను ఫాంట్లలోకి మార్చినప్పుడు వత్తులు, పొల్లులు చెడిపోతుంటాయి కాబట్టి ప్రూఫు కనీసం రెండుసార్లు చూడాలి. ఉన్న ఒక్క ప్రతినీ ఎవరికీ ఇవ్వకూడదు.

సొంతంగా వేసుకోవడం తెలుగులో నామోషీ కాదు, పేరున్నవాళ్లూ చేసిన పనే. ముందు మూడు వందలో అయిదు వందలో ప్రతులు వేసి, జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం నాటికి చేతికొచ్చేలా చూసుకోవచ్చు. ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. దాని కోసం ఎవరికీ డబ్బు కట్టనవసరం లేదు. డబ్బిస్తే పుస్తకం వేస్తామనేవాళ్లను ప్రతులెన్ని, అమ్మేదెవరు, లెక్క చూపేదెప్పుడు అని ముందే అడగాలి.

హక్కుల సంగతి మొహమాటం కొద్దీ వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నవల రాసిన క్షణం నుంచే హక్కు రచయితది. నమోదు తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు అది నిలుస్తుంది. హక్కు రాసిచ్చిన ఒప్పందంలో కాలం పేర్కొనకపోతే దాన్ని అయిదేళ్లుగానే చట్టం లెక్కిస్తుంది. ముద్రణ, అనువాదం, ఆడియో, సినిమా హక్కులు వేటికవే విడిగా రాసుకోవాలి. కాపరుల అడవిబాట సినిమా అయిన కాలంలో ఈ మాట వెలిగండ్లలో రాసేవాళ్లకూ అవసరమే.

ఈ ప్రాంతపు పంతుళ్లకూ, గ్రంథాలయాల వాళ్లకూ ఒక మనవి. 'కొండపొలం', 'అతడు అడవిని జయించాడు', 'శప్తభూమి', 'అల్పజీవి' ఈ నాలుగూ ప్రతి మండల గ్రంథాలయంలో, ప్రతి కాలేజీ లైబ్రరీలో ఉండేలా చూడండి. రాయడం మొదలుపెట్టిన పిల్లలకు మరొక మనవి. మొదటి అధ్యాయం పూర్తికాగానే ముందు ఆ కథలోని పని చేసే మనిషికి, గొర్రెల కాపరి అయితే కాపరికి, మేస్త్రీ అయితే మేస్త్రీకి, దగ్గర కూర్చుని చదివి వినిపించండి. వాళ్లు తప్పుపట్టిన చోటల్లా దిద్దుకుని, రెండో అధ్యాయం ఆ మర్నాడే మొదలుపెట్టండి.