విశాఖమండలపుఁ బత్రికారచయితలు - పూర్వవృత్తులు, ఆశయములు

ఆంధ్రవాఙ్మయచరిత్రకారులు నవీనకవుల కాలమును నిర్ణయించునపుడు ముద్రితగ్రంథముల ముఖపత్రములనే ప్రమాణముగాఁ గొనుట పరిపాటియైనది. ప్రాచీనుల విషయమున శాసనములను, అవతారికలను, ఆశ్వాసాంతగద్యములను వడపోసి చూచు పండితులే నవీనులకడకు వచ్చునప్పటికి ఇంత సులభముగాఁ దృప్తిపడుట వింత. ఈ పద్ధతి ననుసరించినచో మహాప్రస్థానము 1950లోను, త్వమేవాహము 1949లోను గ్రంథరూపమున వెలువడినవి కనుక, ఆరుద్రయే శ్రీశ్రీకి దారి చూపెనని చెప్పవలసివచ్చును. నిజమునకు మహాప్రస్థానగీతములలో నధికభాగము 1930 తరువాతి దశాబ్దమున రచింపఁబడినది. చలము దానికి వ్రాసిన యోగ్యతాపత్రము సైతము 1940 నాఁటిది. పుస్తకము వెలువడకమునుపే యా గీతములు పత్రికలలోఁ జదువఁబడి, కంఠస్థములై, అనుకరింపఁబడినవి. కావున నీ కవిత్వమునకుఁ బత్రికయే మూలప్రతి. ఆ మూలప్రతిని సరిగాఁ జదువుటకుఁ బత్రికలఁ జేరిన యువకులు ఎచ్చటనుండి వచ్చిరో, ఏమి కోరి వచ్చిరో తెలియుట యావశ్యకము.

ఈ విచారణకు విశాఖమండలము తగిన క్షేత్రము. పూర్వపు మండలము నేఁటి జిల్లాకంటె మిక్కిలి పెద్దది, విజయనగరమును దానిలోనిదే. గురజాడ అప్పారావుగారు అచ్చట విద్యార్థిగా నుండఁగా ఆంగ్లమున రచించిన సారంగధరకావ్యము 1883లో ఇండియన్ లీజర్ అవర్ అను విజయనగరపుఁ బత్రికయందు వెలువడెను. కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రికకు సంపాదకులైన శంభుచంద్ర ముఖర్జీగారు దానిని మెచ్చుకొని, మాతృభాషలో వ్రాయుమని హితవు చెప్పిరి. ఇరువదియొక్కయేండ్ల యువకుని యాశయ మప్పటికి ఆంగ్లకవి యనిపించుకొనుట. దానిని మరలింపఁజూచినవాఁడు తెలుఁగుపండితుఁడు గాఁడు, తెలుఁగెఱుఁగని పరప్రాంతపుఁ బత్రికాసంపాదకుఁడు! అటుపిమ్మట 1910లో దిద్దుబాటు కథయు, ముత్యాలసరములును ఆంధ్రభారతిలోఁ బ్రకటితములైనవి. బందరున నా పత్రికను నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారు 1890లో జన్మించినవారు. అనఁగా నేఁబదికిఁ జేరువైన కవి తన క్రొత్తచందమును ఇరువదియేండ్ల యువకుని చేతిలోఁ బెట్టెను. గ్రాంథికవ్యావహారికవాదచరిత్రలలో వాదప్రతివాదముల వివరము పుటలకొలఁది కలదు. ఆ యువకుని సాహసమునకు మాత్రము పంక్తి యైనను దొరకుట యరిది.

తరువాతితరమువారి నాఁటికి విశాఖపట్టణమే మాఱినది. 1926లో నేర్పడిన ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వాల్తేరున స్థిరపడెను. 1933లో ఓడరేవు తెఱవఁబడెను. 1928లో శ్రీరంగము శ్రీనివాసరావుగారి ప్రభవను వెలువరించిన కవితాసమితి యీ పట్టణముననే పుట్టినది. కవి కప్పటికిఁ బదునెనిమిదేండ్లు. ఆయన చదివినది కావ్యనాటకములు గాదు, జంతుశాస్త్రము. 1931లోఁ బట్టభద్రులై, 1935లో ఏ.వి.ఎన్. కళాశాలలోఁ బ్రయోగశాలోద్యోగమునఁ జేరి, 1938లో మదరాసున ఆంధ్రప్రభకు ఉపసంపాదకులైరి. పత్రికోద్యోగమే శ్రీశ్రీ రచనకు సంక్షిప్తతను, వేగమును దెచ్చినదని యూహించుట సులభము. కాని కాలక్రమ మీ యూహకు సాక్ష్యము పలుకదు. ఆ వేగమునకుఁ బేరుపొందిన గీతములు పెక్కులు ఆంధ్రప్రభలోఁ జేరుటకు మున్నే పుట్టినవి. పత్రిక యాయనకు శైలి నీయలేదు, పాఠకుల నిచ్చినది; పిదప జీతము నిచ్చినది. ఈ రెంటిని వేఱుపఱుపక వ్రాసిన విమర్శలు రెంటికిని న్యాయము చేయలేదు.

పురిపండా అప్పలస్వామిగారి తెరువు వేఱు. వారు 1904లో సాలూరున జన్మించినవారు. సాలూరు ఘాటు నెక్కినచో కొరాపుట్టు సీమ. తెలుఁగు, ఒడియా ఆ యెల్లయందు ఇరుగుపొరుగు భాషలు. పురిపండావారు కవితాసమితితోడను, పత్రికలతోడను మెలఁగుచునే యనువాదమును జీవితకార్యముగాఁ బెట్టుకొనిరి. గోపీనాథమహాంతి కొండజాతివారి బ్రదుకును జిత్రించిన నవలను అమృతసంతానమను పేరఁ దెనిఁగించిరి. రామాయణభారతభాగవతములను వాడుకభాషలో వచనముగా వ్రాసిరి. ఆ వచనమున మెఱపులు లేవు. చదువరి యెచ్చటను ఆఁగి, వెనుకకుఁ దిరిగి, వాక్యమును మరలఁ జదువవలసిన పనియు లేదు. పత్రికలోఁ బనిచేసినవానికిఁ బట్టుపడు గుణమిది. అలంకారశాస్త్రమున దీనికిఁ బ్రసాదమని పేరున్నను, ప్రసాదమును గుణముగా లెక్కించి నవీనవచనమును బరీక్షించువారు కొలఁది. పురిపండావారు విప్లవమును జాటలేదు కనుక నవీనులును, వాడుకభాషలో వ్రాసిరి కనుకఁ బ్రాచీనులును వారిని విడిచిపెట్టిరి.

ఆరుద్రయను భాగవతుల సదాశివశంకరశాస్త్రిగారిది మఱింత విచిత్రమైన వరుస. 1925లో విశాఖపట్టణమున జనించి, కళాశాలచదువు ముగియకయే 1943లో వైమానికదళపు వాద్యబృందమునఁ జేరి, యుద్ధానంతరము మదరాసున ఆనందవాణికి సంపాదకులైరి. వాద్యగాఁడు సంపాదకుఁ డగుట మన వాఙ్మయమునఁ దఱచు సంభవించునది గాదు. వార్త నందఱకు విడమఱిచి చెప్పుట పత్రికాధర్మము. అట్టి పనిలో నుండిన యీయనయే రజాకారుల దౌష్ట్యములు నేపథ్యముగాఁ ద్వమేవాహమును అంత దుర్గ్రహముగా, శ్లేషలతో నింపి రచించుట యాలోచింపఁదగినది. పగలెల్ల వార్తను వార్తగాఁ జెప్పినవాఁడు ఆ వార్తయందుఁ జెప్పరాక మిగిలిన దానిని కావ్యమున దాఁచెనని యన్వయించిన యుక్తముగానుండును. ఈ దుర్గ్రహతను దోషముగాఁ బేర్కొన్నవారు వసుచరిత్రశ్లేషలకు మురియువారే యగుట గమనింపవలెను. అయినను ఆ కావ్యమునఁ గొన్ని చమత్కారములు చమత్కారమునకై పెట్టినవే. అవి వ్యథను బలహీనపఱిచినవి.

1965 మొదలు సంపుటములుగా వెలువడిన సమగ్రాంధ్రసాహిత్యమున మాత్రము సంపాదకుని చేయి స్పష్టముగాఁ గనుపట్టును. రాజవంశములనుబట్టి యుగవిభాగము చేయుటలోఁ గ్రొత్తదనము లేదు. క్రొత్తదన మంతయుఁ జెప్పుతీరున నున్నది: పండితులవివాదములను వార్తవలె విప్పి, ఇరుపక్షముల నడిగినట్లు వ్రాయుట. పట్టము లేనివాఁడు సాహిత్యచరిత్ర వ్రాయుటేమని సందేహించువారు ఆ సంపుటములను జేతఁ బట్టకయే సందేహించుచున్నారు.

1974 ఆగస్టు 10వ తేది విశాఖపట్టణమున ఈనాడు దినపత్రిక ప్రారంభమైన పిదపఁ బత్రికారచన యీ పట్టణమునఁ బలువురకు వృత్తియే యైనది. అంతకుముందు వచ్చిన పైమువ్వురిలో నొక్కఁడైనను పత్రికారచయిత యనిపించుకొనుటనే పరమాశయముగాఁ బెట్టుకొన్నట్లు కనఁబడదు. వారు తమ పేరుతోఁ బ్రకటించిన రచనలు సంపుటములకెక్కినవి. ఉపసంపాదకుని వ్రాఁత సామాన్యముగాఁ బేరులేనిది. ఆంగ్లమున వచ్చిన తంతివార్తలను రాత్రికిరాత్రి తెలుఁగుచేయుట యా కాలపుఁ బత్రికాలయములయందు నిత్యకృత్యము. 1938 నాఁటి ఆంధ్రప్రభ పుటలలో శ్రీశ్రీ తెనిఁగించిన వాక్యము లేవియో, పొరుగుబల్లవాఁడు తెనిఁగించిన వేవియో వేఱుపఱిచినఁ గాని జీతమునకు వ్రాసిన తెలుఁగు కవితపైఁ బనిచేసెనో లేదో తేలదు. వేటపాలెపు సారస్వతనికేతనమువంటి గ్రంథాలయములలోఁ బాతపత్రికల సంపుటములు కలవు. ప్రక్షిప్తపద్యములను ఏఱివేయుటలోఁ జేయితిరిగిన పండితులకు ఆ పని యసాధ్యము గాదు.