రాయిని వదిలి చూపించు

1812లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాస మందిరంలో, గడియారానికి పైనున్న గ్యాలరీలో ఇరవై ఏళ్ల కుర్రాడు ఒకడు కూర్చుని గబగబా రాసుకుంటున్నాడు. పేరు మైకేల్ ఫారడే. తండ్రి కమ్మరి. పద్నాలుగో ఏట నుంచి పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకుంటున్నాడు. దుకాణానికి వచ్చే ఒకాయన టిక్కెట్లు ఇప్పించబట్టి రసాయనశాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు వినే భాగ్యం దక్కింది. రాసుకున్నదంతా దాదాపు మూడు వందల పేజీలు చేసి, తానే బైండు కట్టి డేవీకి పంపాడు. 1813 మార్చిలో అదే సంస్థలో ప్రయోగశాల సహాయకుడిగా చేరాడు. 1831లో అతడు కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ మీదే నేటికీ కరెంటు జనరేటర్లు తిరుగుతున్నాయి.

ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. మాట్లాడటం ఒక విద్య అనుకుని అతడు దాన్ని సాధన చేసిన తీరు మాత్రం మనం పెద్దగా చెప్పుకోం. యువ భౌతికశాస్త్రవేత్తలకు నేను మొదట చెప్పాలనుకునేది ఆ కథే.

ఉద్యోగంలో చేరిన ఏడాదే ఫారడే తన మిత్రుడు బెంజమిన్ ఎబట్‌కు ఉపన్యాసకళ గురించి వరుసగా ఉత్తరాలు రాశాడు. గదిలో గాలి ఆడుతోందా, వెనక కూర్చున్నవాడికి బల్ల కనిపిస్తోందా, వక్త చూపు ఎటుంది, గంట దాటితే శ్రోత ఏమవుతాడు అని ఒక్కొక్కటీ పరిశీలించాడు. ఇతరుల తప్పొప్పులు చూసి నేర్చుకున్నాడు. 1816 నుంచి చిన్న సభలో తన తోటివారి ముందు మాట్లాడాడు. తర్వాత ఉచ్చారణ నేర్పే గురువు దగ్గర పాఠాలు చెప్పించుకున్నాడు. పేరు వచ్చాక కూడా, తొందరలో వేగం పెరిగితే ‘నెమ్మది’ అని రాసిన అట్టముక్క తన ముందు పెట్టమని సహాయకుడికి చెప్పుకున్నాడు. వినేవాళ్లు ముగ్ధులైపోయిన ఆ వాగ్ధోరణి వెనక ఇంత కూలిపని ఉంది.

అతడి పద్ధతిలో మొదటి సూత్రం: చెయ్యి వదిలితే రాయి కింద పడుతుందని చెప్పి ఊరుకోకూడదు. వదిలి చూపించాలి. చెవికి చెబుతున్నదాన్ని కంటికీ చూపాలి. అయస్కాంతానికి ఎంత బలం ఉందో చెప్పడానికి నిండు బొగ్గుల తొట్టినీ, నిప్పు కదిపే ఇనప ఊచనూ, పట్టుకారునూ దాని మీదికి విసిరాడు. అవి అక్కడే అతుక్కుపోయాయి. ఆ చప్పుడు విన్న పిల్లవాడు ఇక అంకెలు చెప్పినా వింటాడు.

రెండో సూత్రం: అందరి ఇంట్లో ఉన్న వస్తువుతో మొదలుపెట్టాలి. పిల్లల కోసం రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాలను ఫారడే పందొమ్మిది ఏళ్లు ఇచ్చాడు. 1860-61 శీతాకాలంలో ఆయన ఎంచుకున్న విషయం కొవ్వొత్తి. ఆరు ఉపన్యాసాలూ దాని చుట్టూనే తిరిగాయి. వాటిని విలియం క్రూక్స్ 1861లో పుస్తకంగా తెచ్చాడు.

ఆ ఉపన్యాసాల్లో ప్రశ్న వెనక ప్రశ్న వస్తుంది. కరిగిన మైనం ఒలికిపోకుండా గిన్నెలా ఎందుకు నిలుస్తుంది? మంట వేడికి పైకి లేచే గాలి అంచుల్ని చల్లబరుస్తుంది కాబట్టి. ఆ మైనం మంట దాకా ఎలా ఎక్కుతుంది? నీలిరంగు ఉప్పునీళ్లున్న పళ్లెంలో ఉప్పు దిమ్మ నిలబెడతాడు, రంగు పైకి పాకుతుంది. ఒత్తిలోనూ అంతే. మండేది మైనమా, దాని ఆవిరా? కొవ్వొత్తిని ఊది ఆర్పి, లేచే పొగచారకు దూరం నుంచి మంట చూపిస్తాడు. మంట పొగ వెంబడి పరుగెత్తి మళ్లీ ఒత్తిని అంటుకుంటుంది. మంట పైన మంచూ ఉప్పూ ఉన్న గిన్నె పెడితే అడుగున నీటి చుక్కలు చేరతాయి. చివరికి వెలిగే కొవ్వొత్తినీ ఊపిరి తీసే మనిషినీ పక్కపక్కన నిలిపి చూపిస్తాడు. రెండు చోట్లా గాలి లోపలికి పోయి, సున్నపు తేటను పాలలా చేసే బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది.

ఇదే పని మన ఇంటి ప్రమిదతో మొదలుపెట్టొచ్చు. నువ్వుల నూనె ఒత్తి కొస దాకా ఎలా పాకుతుందని అడిగితే చాలు, పెద్దవాళ్లు కూడా ముందుకు వంగి చూస్తారు.

ఈ సంప్రదాయం నేటికీ కొత్త రూపాల్లో నడుస్తోంది. 2005లో ఇంగ్లండ్‌లో పుట్టిన ‘ఫేమ్‌ల్యాబ్’ పోటీలో యువ పరిశోధకుడికి మూడు నిమిషాలే ఇస్తారు. స్లైడ్లు ఉండవు, చేతిలో పట్టుకుని రాగలిగిన వస్తువులతోనే చెప్పాలి. 2008లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన పోటీలో ఏళ్ల తరబడి చేసిన పీహెచ్‌డీని మూడు నిమిషాల్లో, ఒక్క స్లైడుతో వివరించాలి. మన దేశంలో కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ 2018లో ‘అవసర్’ పేరిట పరిశోధక విద్యార్థులు తమ పని గురించి కథనాలు రాసే పోటీ తెచ్చింది. సమయం తక్కువైతే ఏది అసలు విషయమో తేల్చుకోక తప్పదు. తేల్చుకునేటప్పుడే తనకు ఏది సగమే అర్థమైందో పరిశోధకుడికి తెలిసొస్తుంది.

తెలుగులో చెప్పేవాడికి ఇంకో సాధన కావాలి. బలం, శక్తి, సామర్థ్యం అనే మాటల్ని ఇంట్లో ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. భౌతికశాస్త్రంలో మూడూ వేరు. నెత్తిన బస్తాతో కదలకుండా నిలబడ్డ హమాలీ, బస్తా మీద ‘పని’ ఏమీ చేయడం లేదంటుంది శాస్త్రం. ఆ మాట వివరణ లేకుండా అంటే వినేవాడికి కోపం వస్తుంది, న్యాయమే. వాడుక అర్థాన్ని గౌరవించి, అక్కణ్నుంచి శాస్త్రార్థం దాకా చెయ్యి పట్టుకుని నడిపించాలి. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ ఇద్దరూ భౌతికశాస్త్రవేత్తలే. శాస్త్ర విషయాల్ని ఓపిగ్గా కూర్చుని తెలుగులో రాశారు. ఇంగ్లిషులో చదివినదాన్ని మన మాటల్లో చెప్పవచ్చని వాళ్లు నిరూపించి చూపారు.

ఇంత శ్రమ ఎందుకని అడిగే విద్యార్థికి మళ్లీ ఆ బైండింగ్ దుకాణమే చూపిస్తాను. అక్కడ ఫారడే చేతికి వచ్చిన పుస్తకాల్లో, సామాన్యుల కోసం జేన్ మార్సెట్ సంభాషణల రూపంలో రాసిన రసాయనశాస్త్రం ఉంది. తనకు ఈ శాస్త్రం మీద మొదటి పట్టు దొరికింది ఆ పుస్తకంలోనే అని పెద్దయ్యాక ఫారడే కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. డేవీ డబ్బున్నవాళ్ల కోసం మాట్లాడాడు. మార్సెట్ ముఖ్యంగా ఆడవాళ్ల కోసం రాసింది. ఇద్దరికీ తెలియకుండానే ఒక కమ్మరి కొడుకు దుకాణంలో చదువుతున్నాడు, గడియారం మీది గ్యాలరీలో వింటున్నాడు. ఈసారి మీరు బడిలోనో గ్రంథాలయంలోనో మాట్లాడటానికి నిలబడినప్పుడు, చివరి వరుసకు వినపడుతోందో లేదో ముందు అడగండి.