షావుకారు జానకి వాచికాభినయము

చెన్నపట్నమున ఏబదియేండ్లు దాటిన తమిళుని ఎవరినైనను "సౌకార్ జానకి" ఎవరని యడిగిన, ముఖము వికసించును. ఆ 'సౌకార్' అనునది యేమని యడిగినచో మాత్రము పలువురు తడబడుదురు. కొందరు ఇంటిపేరందురు, కొందరు భర్తగారి వృత్తి యందురు. అది 1950 ఏప్రిలు నెలలో విడుదలయైన ఒక తెలుగు చిత్రము పేరని యెరిగినవారు అల్పసంఖ్యాకులు. ఒక తెలుగు చలనచిత్రము పేరును ఏడు దశాబ్దములుగా తమిళులు తమకు తెలియకయే ఉచ్చరించుచున్నారన్నమాట. శ్రీమతి జానకి కళాజీవితమును ఆంధ్రదేశమునందలి మనవారు సగమే చూచిరని నా అభిప్రాయము. తక్కిన సగము వేరొక భాషలో, మనబోటి వలసకుటుంబముల వీథుల చివరనున్న టాకీసులలో నడచినది. తమిళనాట తరతరములుగా నున్న మనకే ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచు వీలు కలదు. ఆ పనినే యిచ్చట కొంత చేయదలచితిని.

జానకి 1931లో రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రిగారి యుద్యోగముతో కుటుంబము దూరదేశములకు తరలుచుండెను. ఆమె సోదరి, మనకు చిరపరిచితురాలైన నటి కృష్ణకుమారి, వంగదేశమునందలి నైహాతిలో పుట్టిరి. పిదప ఆ కుటుంబము చెన్నపట్నము చేరుట మన భాగ్యము. అచ్చటి రేడియో కేంద్రము 1938 జూన్ 16న ఆరంభమయ్యెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1 వరకు లేదు. కావున అంతకు పూర్వము కోస్తా జిల్లాల శ్రోతలకు తెలుగు నాటకము ప్రధానముగా చెన్నపట్నమునుండియే వినవచ్చెడిది. ఆ నాటకములలో పలికిన బాలికలలో జానకి యొకరు.

నేటి పాఠకులకు ఆనాటి రేడియో నాటకపు స్వరూపమును కొంత చెప్పవలసియున్నది. నాటకములు పెక్కులు అప్పటికప్పుడే ప్రసారమగుచుండెను. తప్పు పలికిన దిద్దుకొను అవకాశము లేదు. పలువురు నటులకు మైకు ఒక్కటియే. కోపము పలుకువారు వెనుకకు జరుగవలెను. రహస్యము పలుకువారు ముందునకు రావలెను. చేతిలోని కాగితము చప్పుడు కారాదు. ఊపిరి పీల్చుటకూడ శ్రోతకు వినబడును గనుక, ఎచ్చట పీల్చవలెనో ముందుగానే నిశ్చయించుకొనవలెను. ఆంగికము లేదు, ఆహార్యము లేదు. నాలుగు అభినయములలో మూడింటి పనిని వాచిక మొక్కటియే మోయవలెను. ఈ శిక్షణ పొందినవారు పిమ్మట కెమెరా ముందు నిలిచినప్పుడు ముఖము కంటె ముందు గొంతు నటించును. జానకి విషయమున జరిగినది ఇదియే.

దర్శకుడు బి. ఎన్. రెడ్డిగారు రేడియోలో ఆమె కంఠము విని, చలనచిత్రములలో నటింతువా యని యడిగిన వృత్తాంతము ప్రసిద్ధమే. పెద్దలు అంగీకరింపలేదు సరికదా, ఆ భయముచేతనే వివాహము చేసివేసిరి. తరువాత గృహిణియై, తల్లియై, కుటుంబభారము మీదపడగా ఆమెయే అవకాశము నర్థించిరి. ఆ విధముగా విజయావారి తొలిచిత్రము 'షావుకారు'లో కథానాయికయైరి. ఆమెను మొదట ఎన్నుకొన్నది కన్ను గాదు, చెవి యన్న సంగతిని విమర్శకులు జ్ఞాపకముంచుకొనవలెను.

'షావుకారు'ను గూర్చి నా పాఠశాలలో జరిగిన యొక చిన్న పరీక్షను చెప్పెదను. తమిళనాట 2006 నాటి చట్టముచే తమిళము నిర్బంధపాఠ్యమైన పిమ్మట, మా పిల్లలకు తెలుగు చూచి చదువుట కంటె విని గ్రహించుట సులభమగుచున్నది. తమిళలిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికిని అక్షర మొక్కటియే. ఆ లిపికి అలవడిన పిల్లవాడు తెలుగు పుస్తకము తెరచి 'గడప'ను 'కడప'గా చదివినచో వానిని కోపించి లాభము లేదు. అందుచే నేనొకనాడు 'షావుకారు'లోని కొన్ని ఘట్టములను, బొమ్మ కనబడకుండ తెరపై గుడ్డ కప్పి, వినిపించితిని. పొరుగింటి పిల్ల సుబ్బులు మాటలను మాత్రము విని ఆమె వయస్సెంత, ఎదుట నున్నవారు పెద్దలా తోటివారా, మనసులో నేమున్నది, వ్రాయుడంటిని. ఎనిమిదవ తరగతి పిల్లలు పదునొకండుగురిలో తొమ్మండుగురు సరిగా వ్రాసిరి. ఒక బాలిక వ్రాసిన వాక్యము నా కిప్పటికిని గుర్తున్నది: "ఆమెకు కోపము లేదు, ఉన్నట్లు చెప్పుచున్నది." రెండిండ్ల నడుమ పగ రగిలిన పిదప సుబ్బులు పలికిన పలుకులను గూర్చి ఇంతకంటె మంచి విమర్శను నేనెచ్చటను చదువలేదు.

చక్రపాణిగారు వ్రాసిన ఆ మాటలు ఇంటిలోని మాటలు. వానిని నాటకఫక్కిలో సాగదీసినచో చెడిపోవును. మరీ అలవోకగా వదలినచో వినబడవు. గోవిందరాజుల సుబ్బారావు, శాంతకుమారి వంటి అనుభవశాలుర నడుమ నిలిచియు తొలిచిత్రపు నటి తేలిపోకుండుటకు కారణము, రేడియోయందు నేర్చిన ఈ మధ్యమస్థాయియే.

ఇక ఆక్షేపణ. ఇట్టి గొంతును తెలుగు చిత్రపరిశ్రమ ఎట్లు వాడుకొనెను? 'రోజులు మారాయి' (1955)లో అక్కినేని సరసన కథానాయికగా ఆమెకు ఘనవిజయము లభించెను. అదే సంవత్సరము 'కన్యాశుల్కము'లో బుచ్చమ్మ. గిరీశముగా రామారావు, మధురవాణిగా సావిత్రి యున్న చిత్రములో బుచ్చమ్మకు మాటలు తక్కువ, మౌనములు హెచ్చు. ఆ మౌనముల చివర వచ్చు చిన్న సమాధానములను జానకి ఎంత నమ్మకముగా పలికిరో వినదగును. కాని పరిశ్రమ ఆ యమాయకత్వమునే పట్టుకొని, ఆమెను కన్నీటిపాత్రలకు అప్పగించివేసెను. పరిత్యక్తయైన భార్య, అనుమానింపబడిన యిల్లాలు, త్యాగము చేయు అక్క: పేరు మారినను పాత్ర మారదు.

ఆ వరుసలో మినహాయింపదగినది 'మంచి మనసులు' (1962). ఆదుర్తి సుబ్బారావుగారు అంతకు ముందేడు తమిళమున తీసిన 'కుముదం' కథకు తెలుగురూపమిది. రెంటను అంధురాలి పాత్ర జానకిదే. ఒకే నటి, ఒకే దర్శకుడు, ఒకే పాత్ర, రెండు భాషలు. పోల్చి చూచువారికి ఇంతకంటె ఏమి కావలెను? హంపీ శిథిలముల నడుమ భర్త శిల్పసౌందర్యమును పాటగా వర్ణింప, చూపులేని భార్య విని యానందించు దృశ్యము ఆంధ్రులెల్లరు మెచ్చినది. పాడునది ఆయన. వినుట ఆమె వంతు. వినుటను అభినయించుట మాటలాడుట కంటె కష్టము. మెడను ధ్వని వచ్చు దిక్కునకు కొద్దిగా త్రిప్పి, కన్నులను ఆ దిక్కునకు త్రిప్పకుండుటలో నామె చూపిన నిగ్రహము గమనింపదగినది. తమిళరూపమున నామె ధోరణి ఒకింత త్వరితము, తెలుగున నిదానము. ఏది మేలని యడిగిన నేను తెలుగు వైపే మ్రొగ్గుదును. అది స్వభాషాభిమానము కావచ్చును.

ఆమె గొంతులోని తక్కిన అరలను తెరచినవారు తమిళులు. ఇది చెప్పుటకు మనస్సొప్పకున్నను సత్యము. 1964లో వచ్చిన 'పుదియ పఱవై'లో శివాజీ గణేశన్ ఎదుట ఆమె చిత్రయను పాత్ర ధరించిరి. వేదికపై పాడు విలాసవతి, ఇంటిలో భర్తను లెక్కచేయని భార్య. తెలుగు ప్రేక్షకుడెవ్వడును జానకినుండి ఎదురుచూడని నిర్లక్ష్యపు నవ్వు అందున్నది. ఆ పాత్రకు పాడినవారు మన విజయనగరపు సుశీల. చెన్నపట్నపు స్టూడియోలో ఒక తమిళపాత్రకు ఒక తెలుగువనిత గానమును, మరొక తెలుగువనిత మాటను ఇచ్చిరి.

పిమ్మట కె. బాలచందర్ వచ్చిరి. 'ఎదిర్ నీచ్చల్' (1968)లో ఆమె పట్టు అను బ్రాహ్మణగృహిణి; హాస్యపాత్ర. తమిళబ్రాహ్మణుల యింటిమాట పుట్టుతమిళులకే అందరకు పట్టుపడదు. దానిని తెలుగు నేలపై పుట్టిన నటి ఎగతాళిగాక ఆప్యాయముగా పలికిరి. మాండలికమును వెక్కిరించుట తేలిక. దానిలో నివసించుట కష్టము. మన హాస్యనటులలో పెక్కుమందికి ఈ భేదము తెలియదు.

1969 నాటి 'ఇరు కోడుగళ్' ఆమె కళకు శిఖరమని నా నిశ్చయము. భర్తచే విడువబడిన స్త్రీ చదివి కలెక్టరై, ఆ భర్త గుమాస్తాగా నున్న కార్యాలయమునకే అధికారిణిగా వచ్చును. ఆయనకు అప్పటికి వేరొక భార్య, సంసారము కలవు. పాత్ర పేరును జానకియే. పరిత్యక్తయైన భార్య యన్నంతనే తెలుగు నిర్మాత కన్నీటికుండను సిద్ధపరచును. ఇందు జానకి కన్నీటిని గొంతులోనే ఆపిరి. కచేరిలో నుత్తరువుల స్వరము వేరు. ఒంటరిగా నున్నప్పటి స్వరము వేరు. ఇతరులు వినుచుండగా భర్తతో మాటలాడవలసివచ్చినప్పుడు మూడవ స్వరమొకటి కలదు, పైకి అధికారము, అడుగున పాతచనువు. ఈ మూడవ స్వరమును కనిపెట్టుట యామె ప్రతిభ.

ఆ చిత్రముననే కలెక్టరు ముఖ్యమంత్రిని కలిసికొను ఘట్టమొకటి కలదు. అణ్ణాదురైగారు 1969 ఫిబ్రవరిలో దివంగతులైరి. చిత్రము అదే సంవత్సరము అక్టోబరున వచ్చెను. తెరపై ఆయన కనబడరు. బల్లపై కన్నద్దములు, అనుకరించిన కంఠము మాత్రమే. అనగా జానకి ఒక కంఠముతో మాత్రమే సంభాషింపవలెను. ఎదుటి మనిషి లేక, ఆయన ఉన్నాడని ప్రేక్షకుని నమ్మించుట! చెన్నపట్నపు రేడియోలో బాలికగా నేర్చిన విద్యను ఇరువదియేండ్లు దాటిన పిదప యథాతథముగా తెరపై ప్రయోగించిన ఘట్టమిది.

ఈ కథ 1972లో తెలుగునకు వచ్చెను. పేరు 'కలెక్టర్ జానకి'. అందు కలెక్టరు పాత్ర ధరించినవారు జమున. జమున ప్రతిభను నేను శంకించుట లేదు. ఆ పాత్రకు ఆమె తెచ్చిన ఠీవి వేరు. కాని పాత్రకు జానకి యన్న పేరును నిలుపుకొని, ఆ పేరు గల తెలుగునటిని విడిచిపెట్టుట నాకెన్నడును మ్రింగుడుపడలేదు. వ్యాపారకారణములు ఉండియుండును. మన పరిశ్రమ దృష్టిలో జానకి అప్పటికి ఏడ్చు వదిన, కలెక్టరు కాదు. నిజమునకు, తమిళ 'భామా విజయం' బాలచందర్ చేతనే 'భలే కోడళ్ళు' (1968)గా తెలుగునకు వచ్చినప్పుడు ఆమెయే అందు నటించి నవ్వించిరి. అదియైన పిదపకూడ మనవారికి తెలియలేదన్నచో ఏమనవలెను?

ఆమెయందు లోపములు లేవని కాదు. దుఃఖఘట్టములలో వాక్యపు చివరిమాట వణకించు అలవాటొకటి గలదు. మొదట కదలించును, నాల్గవ చిత్రమున ముందుగనే తెలిసిపోవును. పాత్ర బలహీనమైనప్పుడు మాటల వేగముచే దానిని నెగ్గింపజూతురు. తామే నిర్మించి ద్విపాత్రాభినయము చేసిన 'కావియ తలైవి' (1970)లో తల్లి పాత్ర కుదిరినంతగా కూతురి పాత్ర కుదురలేదు. తల్లికి గతము గలదు, ఆ గతము గొంతులో వినబడును. కూతురికి చక్కని ఉడుపులు మాత్రమే గలవు.

1954లో 'దేవకన్నిక'తో కన్నడమున ప్రవేశించి మరుసటి యేట 'మహాకవి కాళిదాస'లో నటించిన సంగతి కర్ణాటకమునందలి మన సోదరులు నాకంటె బాగుగ వివరింపగలరు. 'తాయారమ్మ బంగారయ్య' (1979)లో కైకాల సత్యనారాయణతో కలిసి పేరుపాత్ర ధరించి నప్పుడు తెలుగుచిత్రసీమ ఆమెకు చేసిన అన్యాయమును కొంత దిద్దుకొనెను. అటుపై రెండేండ్లకు 'తిల్లు ముల్లు'లో, ఏబదియేండ్ల ప్రాయమున, అబద్ధపు తల్లి వేషము కట్టి కిటికీ గుండ దూరిన ధనికురాలిగా ఆమె నవ్వించిన నవ్వులను మా విద్యార్థుల తల్లిదండ్రులు ఇప్పటికిని చెప్పుకొందురు.

2022లో పద్మశ్రీ లభించెను. 2023లో నందినీరెడ్డి దర్శకత్వమున 'అన్నీ మంచి శకునములే' చిత్రమున తొంబదియొక యేండ్ల వయస్సున కనబడిరి. 'షావుకారు'నుండి లెక్కించిన డెబ్బదిమూడు సంవత్సరములు. శరీరము వంగినది, కదలికలు మందగించినవి. నేను కన్నులు మూసికొని వింటిని. మహాప్రాణములు చెదరలేదు, ణకార నకారములు కలియలేదు. జీవితమున అధికభాగము చెన్నపట్నము, బెంగుళూరులలో గడపిన మనిషి నోట తెలుగువర్ణము లిట్లు నిలుచుట నాబోటి యుపాధ్యాయునకు చిన్నవిషయము కాదు. ఆమె తమిళమున మాటలాడినప్పుడు ఆ భాషలోని 'ఴ'కారమును అంతే శుభ్రముగ పలుకుదురు. ఒకటి నేర్చుటకై రెండవదానిని పోగొట్టుకొనలేదు.

అప్పటికప్పుడు ప్రసారమైన ఆ తొలినాటకములు గాలిలో కలిసిపోయినవి గనుక, ఈ కంఠమునకు మూలమైన ఘట్టమును మనము పరిశీలింపలేకున్నాము. చెన్నపట్నపు తెలుగు నాటకములను 1940లలో ఇంటిలోని రేడియో ముందు కూర్చుండి విన్నవారు మన సంఘకుటుంబములలో ఒకరిద్దరైనను ఉండవచ్చును. వయస్సు ఎనుబదియైదు దాటియుండును. వ్రాయలేకున్నను చెప్పగలవారైనచో, సంఘకార్యదర్శిగారికి తెలుపుడు. ఆదివారములలో నా విద్యార్థుల నిద్దరిని వెంటబెట్టుకొని వచ్చి వ్రాసికొందుము.