దుగుణం దగ్గర ఆగిపోయే చెయ్యి

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఊళ్లలో బ్యాంజో అంటే అమెరికా వాళ్లు మెడకు తగిలించుకునే గుండ్రటి తోలు వాద్యం కాదు. ఒళ్లోనో, ముందు బల్ల మీదనో పెట్టుకునే పొడుగాటి పెట్టె. తీగల కింద మెట్లు, తీగల పైన రెండు వరసల బటన్లు. కుడిచేతిలో ప్లాస్టిక్ పిక్. బుల్‌బుల్ అని కూడా అంటారు. జపాన్‌లోని నగోయాలో గోరో మొరిటా 1912లో తయారుచేసిన ‘తైషోగోతో’ అనే వాద్యం దీనికి మూలం. అది ఓడెక్కి మన దేశానికొచ్చి ఖవ్వాలీలో కూర్చుంది, భజనలో కూర్చుంది, కరెంటు తగిలించుకుని ఊరేగింపులకెక్కింది. పెన్‌గంగ అవతల మహారాష్ట్రలో వినాయక నిమజ్జనానికి బ్యాంజో పార్టీలు ఎంత పేరో చెప్పనక్కర్లేదు. ఆ గాలి ఏరు దాటి ఆదిలాబాద్‌కు రావడానికి ఎంతసేపు?

చిన్నప్పటి నుంచి వాద్యం మధ్యే పెరిగినవాళ్ల సంగతి వేరు. కేస్లాపూర్ నాగోబా జాతరకు వచ్చే పర్ధాన్ల ఇళ్లలో కిక్రీ అనే తీగవాద్యం పిల్లాడి చెవిలో ముందుపడి, చేతిలోకి తర్వాత వస్తుంది. వేగం ఎలా వచ్చిందని అడిగితే చెప్పడానికి వాళ్ల దగ్గర పాఠమేమీ ఉండదు. సింగరేణిలోనో, ఆర్టీసీలోనో, బడిలోనో చేసి రిటైరై, సాయంత్రం గుడి భజనలో కూర్చుందామని బ్యాంజో కొనుక్కున్న మనిషికి మాత్రం పాఠం కావాలి. మొదట్లో ఈ వాద్యం బాగా ఆశపెడుతుంది. ఏ బటన్ ఏ స్వరమో తెలిసిపోతుంది, తెలిసిన పాట త్వరలోనే పలుకుతుంది. చిక్కంతా పాట దుగుణం, అంటే రెట్టింపు వేగం, ఎత్తుకున్నాక. డోలక్ ముందుకు పోతుంది, తాళాలు పోతాయి, ఈయన చెయ్యి అక్కడే ఉంటుంది. ‘వయసైపోయింది, వేళ్లు వంగుతలేవు’ అని సరిపెట్టుకోవడం తేలిక. అందులో నిజం లేకపోలేదు. అరవై దాటిన కీళ్లకు పొద్దున్నే బిగుతు ఉంటుంది, కొత్త పని ఒంటబట్టడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కానీ చాలామంది ఆగిపోయేది వయసు గీసిన గీత దగ్గర కాదు, దానికి చాలా ఇవతల.

మెల్లగా వాయించేటప్పుడు ఏం చేసినా చెల్లుతుంది, అదీ అసలు చిక్కు. వేలు బటన్ మీంచి రెండంగుళాలు లేచినా స్వరం టైముకే పడుతుంది. ప్రతి దెబ్బా పైనుంచి కిందికే కొట్టినా తేడా తెలియదు. అలా నెలల తరబడి సాధన చేస్తే ఆ పెద్ద కదలికే చేతికి అలవాటవుతుంది. దుగుణంలో ఆ కదలికకు చోటుండదు. కాబట్టి మెల్లగా వాయించే రోజుల్లోనే, వేగానికి పనికొచ్చే కదలికనే చేతికి నేర్పాలి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లను చూడండి. వాళ్ల చేతుల్లో తొందర కనిపించదు. ఆకు, తంబాకు, దారం అన్నీ వేళ్లకు అందేంత దూరంలోనే ఉంటాయి. చెయ్యి ఎక్కడికీ ఊరికే పోదు.

ఎడమచేతి సంగతి ఒకటి దగ్గరగా చూడాలి. బటన్ నొక్కితే తీగ మెట్టుకు ఆనుతుంది. రెండు బటన్లు ఒకేసారి నొక్కితే పలికేది పై స్వరమే, అంటే కుడివైపు గుర్రానికి (తీగలను మోసే బ్రిడ్జికి) దగ్గరగా ఉన్నది. కింది స్వరం నొక్కే ఉన్నా వినపడదు. ఈ చిన్న విషయంలోనే సగం వేగం దాగి ఉంది. గ, మ, ప మీద ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడువేలు మూడూ ఒకేసారి ఆనించి మీటండి: ప పలుకుతుంది. చూపుడువేలు లేపి మీటితే మ. నడిమిది లేపితే గ. దిగేటప్పుడు వేళ్లకు వెతుకులాటే లేదు, లేవడమే పని. ఎక్కేటప్పుడు దీనికి తలకిందులు: కింది వేలు తీయకుండానే పైది వేయాలి. కొత్తవాళ్లు ఒక వేలు తీసి ఇంకో వేలు వేస్తారు. ఆ సందులో ఖాళీ తీగ ఒక్క అరుపు అరుస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి వేళ్లు బిగిస్తారు, బిగిస్తే ఇంకా నెమ్మదిస్తాయి.

కుడిచెయ్యి మొదటిరోజు నుంచే కిందికి ఒకటి, పైకి ఒకటి కొట్టాలి. పిక్ కొస మాత్రమే తీగకు తగలాలి. కదలిక మణికట్టులో ఉండాలి; భుజం ఊగుతోందంటే పిక్ గట్టిగా పట్టారని అర్థం. ఒక్కోసారి తప్పు చేతిది కాదు, పెట్టెది. తీగ మెట్టుకు మరీ ఎత్తుగా ఉన్నా, బటన్ కింద స్ప్రింగు తుప్పుపట్టినా ప్రతి నొక్కుకూ రెట్టింపు బలం కావాలి. వేళ్లను తిట్టుకునే ముందు రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం మంచిది.

ఇక సాధన. పురందరదాసు పేరుమీద మనకు వచ్చిన సరళీ వరుసల్లో, అలంకారాల్లో వేగం పెంచే పద్ధతి చాలా తెలివైనది. తాళం మారదు, అదే నడక. మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండోదానిలో రెండు, మూడోదానిలో నాలుగు. లయ చేతిలోనే ఉంటుంది కాబట్టి పరుగెత్తాలన్న కంగారు పుట్టదు. కాకపోతే ఒకటి నుంచి రెండుకు దూకడం పెద్దవాళ్లకు బరువే. అందుకని వరుసంతా దుగుణంలో ఎత్తుకోకుండా నాలుగే స్వరాలు దుగుణంలో వాయించి ఆగాలి. చెయ్యి వదులు చేసి మళ్లీ నాలుగు. అవి కుదిరాక తర్వాతి నాలుగు. ఆ పైన అతుకు: మొదటి నాలుగులో చివరిది, రెండో నాలుగులో మొదటిది, ఈ రెంటినే పదేపదే. పాట తెగేది ఎక్కువగా అతుకు దగ్గరే. ఒకే బిగిన గంటసేపు వాయించడం కంటే, పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట నయం. నేర్చుకున్నది నిద్రలో కుదురుకుంటుంది. రాత్రి మొరాయించిన వరుస తెల్లారి తేలిగ్గా రావడం ఉత్త భ్రమ కాదు. నొప్పి పుడితే మాత్రం ఆపేయాలి.

ఇంత చేసినా కొన్ని పాటలు అందవు. చేతుల్లో చిరుతలనే చెక్కలు కొడుతూ ఆడే చిరుతల రామాయణం చివర్లో అందుకునే జోరు పాతికేళ్ల కుర్రాడినే చెమట పట్టిస్తుంది. అక్కడ మేళంలో డోలక్ కొట్టే పిల్లలు పెద్దాయనకు చెప్పే మాట ఒకటుంది: “అన్ని కొట్టుడెందుకే కాకా? దెబ్బ మీద వడ్డది పట్టుకో, కడమది మేం జూసుకుంటం.” ఇది జాలిపడి అనే మాట కాదు, మేళం పద్ధతే అది. వేగం పెరిగినప్పుడు ఎడమచెయ్యి దెబ్బమీది స్వరాలకే పరిమితమై, కుడిచెయ్యి ఆ ఒక్క స్వరాన్నే కిందికీ పైకీ గబగబా మీటితే వినేవాడికి జోరు తగ్గినట్టే ఉండదు. ఏయే స్వరాలు వదలాలో భజనలో కూర్చున్నాక తేల్చుకోలేం. ఇంట్లోనే పాట కాగితంలో దెబ్బమీది స్వరాల కింద గీత గీసి, అవి మాత్రమే వాయించి చూసుకుంటే, చిరుతలు జోరందుకున్నప్పుడు వేళ్లు వెతుక్కోవలసిన పని ఉండదు.