సముద్రగర్భమున లక్ష్యలక్షణములు

ఫ్రెంచి కథకుఁడు జూల్స్ వెర్న్ రచించిన ‘సముద్రగర్భమున ఇరువదివేల లీగులు’ 1869-70 సంవత్సరములలో బాలుర విద్యావినోదములకై వెలువడు పత్రికయందు భాగములుగాఁ బ్రకటింపఁబడెను. బాలురు నాటిలస్ నావను, నెమో నాయకుని మెచ్చి, మత్స్యనామావళి వచ్చినచోఁ బుటలు త్రిప్పుదురు. పండితులు నిలిచి చదువవలసినవి యా పుటలే.

కోన్సేయ్ అనువాఁడు కథ చెప్పు అరొనాక్స్ ఆచార్యుని సేవకుఁడు. మత్స్యములకు వర్గము, గణము, కుటుంబము తడుముకొనక చెప్పును. తిమింగిలములలో నేది యే జాతిదో కంటఁ జూచి పోల్పలేఁడు. ఈటెతో వానిని వేటాడు నెడ్ లాండునకు శాస్త్రగంధము లేదు. అతని మతమున మత్స్యములు ద్వివిధములు: తినఁదగినవి, తినఁదగనివి. అర్ధమాత్ర తగ్గినఁ బుత్రోత్సవము జరుపుకొను శాబ్దికులు ఈ లాఘవమునకు జాతరయే సేయవలెను! అయినను గాజుగవాక్షము వెలుపల నీఁదు చేపను జూచి పేరు చెప్పినవాఁడు నెడ్. దాని కులగోత్రములు చదివినవాఁడు కోన్సేయ్. ఇరువురును గలసిన నొక్క మేటి ప్రకృతిశాస్త్రజ్ఞుఁ డగునని యాచార్యుని తీర్పు.

వెర్నును నిర్దోషి కాఁడు. కోన్సేయ్‌ను నగుబాటు చేసి, తానును బుటలకొలఁది పేళ్లు పేర్చెను. చేప కనఁబడక పేరే మిగిలినచోటఁ గథ నిలిచిపోయినది.

ఈ దోషము పరదేశమునకే చెందినది కాదు. అమరకోశమున వారివర్గమును వల్లించు బాలుఁడు రోహితమును, మద్గురమును దప్పులేక చెప్పును. సంతలో శీలావతి చేప యెదురైనఁ దెల్లఁబోవును. చెప్పిన గురువు శాకాహారి; ఆయన సాక్ష్యమును జెల్లదు. లక్ష్యలక్షణములు రెండును గూడినదే వ్యాకరణమని శాబ్దికమతము. లక్ష్యము చూపని బోధ కోన్సేయ్ విద్యయే. వారివర్గము చెప్పుదినమున బాలురను జెఱువుగట్టునకుఁ గొనిపోయి, యొక జాలరిని సహాధ్యాపకుఁ జేసికొనుట మేలు.