నలిగితేనే నోటికి

పళ్లు వచ్చే బిడ్డను చంకనేసుకుని బయటికొస్తే మా పరిటాలలో ప్రతి గడపా ఏదో ఒకటి చేతిలో పెడుతుంది. ఒకరు చేగోడీ ఇస్తారు, ఇంకొకరు టీలో ముంచుకునే రస్కు. ఆంజనేయస్వామి గుడికి వెళ్తే ప్రసాదం కొబ్బరి ముక్క ముచ్చటగా నోటికే అందిస్తారు. ప్రేమకు లోటు లేదు. ‘చిగుళ్లు సలుపుతున్నాయి వదినా, గట్టిదేదైనా కొరకనివ్వు. మన పిల్లలు తినలేదా?’ అంటారు. తిన్నారు. ఏడో నెల మనవరాలిని ఎత్తుకున్న నేను మాత్రం ఒప్పుకోను.

చిగుళ్ల దురద తీర్చడం వేరు, కడుపు నింపడం వేరు. రెంటికీ ఒకే వస్తువు ఇవ్వబోతేనే ముప్పు. ఆరో నెల అటూ ఇటూగా ముందు వచ్చేవి కింది ముందుపళ్లు రెండు. అవి కొరుకుతాయి, నమలవు. నమిలే దవడ పళ్లు ఏడాది దాటాకే వస్తాయి. కాబట్టి గట్టి జంతిక ముక్కను బిడ్డ విరవగలదు కానీ నలపలేదు. విరిగింది విరిగినట్టే గొంతులోకి జారుతుంది.

దురదకు తిండి అక్కర్లేదు. కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టిన మెత్తటి గుడ్డ చాలు, లేదా శుభ్రంగా కడుక్కున్న మన వేలు. మొద్దుబార్చే జెల్‌లు వద్దు. బెంజోకైన్ ఉన్నవి రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది. కొండపల్లి మాకు దగ్గర, ఆ బొమ్మలు ఇంటింటా ఉంటాయి. తెల్లపొణికి మెత్తటి చెక్క, అతుకులకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు, పైన రంగులు. నాకు ప్రాణమైన బొమ్మలవి, అయినా బిడ్డ కొరకడానికి కాదు, అలమరలోనే ఉండాలి.

ఇక తిండికి నా పరీక్ష ఒకటే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే ముద్దయిపోవాలి. చిలగడదుంప, గుమ్మడికాయ, క్యారెట్ ఆవిరి మీద అంత మెత్తగా ఉడకాలి. వేలంత పొడుగ్గా కోస్తే బిడ్డ పిడికిట పట్టుకుని పైకొచ్చిన కొసను చీకుతుంది. క్యారెట్‌ను చక్రాలుగా కోస్తే ఆ గుండ్రటి బిళ్ల సీసాకు బిరడా పడ్డట్టు గొంతుకు అడ్డం పడుతుంది. ఇడ్లీ, బాగా పండిన అరటిపండు, బొప్పాయి, గట్టిగా ఉడికించిన గుడ్డును చిదిపి పెట్టడం, ఇవన్నీ ఇంట్లో ఉండేవే. ఏడాది నిండేదాకా ఉప్పూ పంచదారా దగ్గరికి రానివ్వను. తేనె నాలుకకు రాయడం కూడా వద్దు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో పెరిగి విషం పుట్టిస్తుంది.

వేరుశనగ సంగతి ప్రత్యేకం. గింజగా ఐదేళ్లదాకా ప్రమాదమే, పుట్నాలూ అంతే. అదే పల్లీని వేయించి, పొట్టు తీసి, పలుకు లేకుండా నూరి రాగిజావలో కలిపితే మంచి తిండి. ఎలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది పసివాళ్ల మీద లండన్‌లో జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. పసితనంలోనే పల్లీ అలవాటు చేసినవాళ్లలో పల్లీ ఎలర్జీ బాగా తగ్గిందని అందులో తేలింది. ఒంటిమీద ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకైతే డాక్టర్నడిగి మొదలుపెట్టాలి.

‘పళ్ల విరేచనాలు’ అని ఊరుకోవడం నాకు భయం. పళ్లు విరేచనాలు తేవు, పెద్ద జ్వరమూ తేవు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి నేలమీది మురికే లోపలికి పోతుంది. ఓఆర్ఎస్ పట్టిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జాగ్రత్తపడ్డా ఒక్కోసారి ముద్ద అడ్డం పడుతుంది. దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే దగ్గనివ్వాలి. చప్పుడు ఆగి మొహం నీలమైతే క్షణం ఆగకూడదు. ఏడాదిలోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా వేసుకుని రెండు భుజాల నడుమ ఐదు దెబ్బలు వేయాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఐదుసార్లు నొక్కాలి. ముక్క బయటపడేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూనే ఉండాలి. కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి.

మా మెట్ట ఊళ్లలో మిరపకోతల కాలం వచ్చిందంటే తల్లులు తెల్లారే చేలకు వెళ్తారు. సాయంత్రం వచ్చాక చేతులకు ముందు నూనె రాసి తుడుచుకుని, ఆపైన సబ్బుతో కడుక్కుంటేనే కారం వదులుతుంది. ఆ తర్వాతే బిడ్డకు ముద్ద కలపాలి. పగలంతా బిడ్డ దగ్గరుండేది నానమ్మ, ఆరేడేళ్ల అక్క. తన పుట్నాల్లో నాలుగు చెల్లికి పెట్టే మంచి మనసు ఆ అక్కది. అందుకే మా వీధి పిల్లలను కూర్చోబెట్టి వాళ్ల వేళ్లతోనే నలిపిస్తుంటాను. ‘పుట్నాలు నలగలేదు కదా తల్లీ, అవి నువ్వు తిను. అరటిపండు నలిగింది, అది చెల్లికి. పడుకోబెట్టి కాదు, నిటారుగా కూర్చోబెట్టి పెట్టు. తినేసేదాకా కదలకు’ అని చెబుతాను.